రంగురాళ్లకు కోట్లు కట్టే ముందు ఒక్కసారి పరీక్ష చేయించండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ పేపరు మా ఇంటికి చాలా ఏళ్లుగా వస్తోంది, పొద్దున్నే అది చేతిలో లేకపోతే నాకు కాఫీ దిగదు, ఆ చనువుతోనే కాస్త గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. రంగురాళ్ల మీద వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. ఫలానా చెక్‌పోస్టు దగ్గర ఇద్దరిని పట్టుకున్నారు, వాళ్ల సంచిలో అలెగ్జాండ్రైట్ రాళ్లు దొరికాయి, అంతర్జాతీయ మార్కెట్లో వీటి విలువ కోట్లలో ఉంటుంది. పక్కన ఒక ఫోటో, పళ్లెంలో పోసిన గోధుమరంగు గులకరాళ్లు. ఆ కోట్ల లెక్క ఎవరు కట్టారు, ఏ రాయిని చూసి కట్టారు, అసలు అది అలెగ్జాండ్రైట్ అని తేల్చింది ఎవరు, ఈ మూడూ వార్తలో ఎక్కడా ఉండవు. మీ ఒక్క పేపరునే అనడం లేదు, అన్ని పేపర్లదీ టీవీలదీ ఇదే వరస, ఇక యూట్యూబ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నేను విశాఖలో రాళ్ల పనిలో ఉన్నవాణ్ని. కొనడం అమ్మడం నా పని కాదు, నగల షాపులవాళ్లూ ఇళ్లల్లోవాళ్లూ తెచ్చే రాళ్లను చూసి ఇది ఫలానా అని చెప్పడమే నా పని. అప్పుడప్పుడు విలేకరులు కూడా ఫోన్ చేస్తారు. వాట్సాప్‌లో ఒక ఫోటో పంపి, "సార్, దీని విలువ ఎంతుంటుంది, అర్జెంటుగా ఐటెం వెళ్లాలి" అంటారు. ఫోటో చూసి విలువ చెప్పలేను బాబూ, అది ఏ రాయో కూడా చెప్పలేను అంటే వాళ్లకు నచ్చదు. మర్నాడు చూస్తే పేపర్లో అంకె ఉండనే ఉంటుంది, ఎవరో చెప్పే ఉంటారు.

ఒక అంకె వేస్తే ఏమవుతుందిలే అనుకోవచ్చు. ఏమవుతుందో నర్సీపట్నం వైపు ఎవరినడిగినా చెబుతారు. గొలుగొండ మండలం కరక కొండ మీద రంగురాళ్లు ఉన్నాయని తెలిసినప్పటి నుంచి అక్కడ దొంగచాటు తవ్వకాలు ఆగడం, మళ్లీ మొదలవడం, అటవీ శాఖవాళ్లు గోతులు పూడ్చడం, వాన పడగానే మళ్లీ ఎవరో దిగడం, ఇదంతా మీరే రాశారు. అడ్డంగా ఎలుక బొరియల్లా తవ్వుకుంటూ పోయే ఆ సొరంగాల్లో కర్ర దన్ను కూడా సరిగ్గా ఉండదు, పైన తడిసిన ఎర్రమట్టి. మట్టిపెళ్లలు విరిగిపడి మనుషులు పోయిన వార్తలు కూడా మీరే వేశారు. ఆ గోతిలోకి దిగే కుర్రాడు రత్నశాస్త్రం చదువుకుని దిగడు, పేపర్లో కోట్లు అని చదివో, చదివినవాడు చెబితే వినో దిగుతాడు. పైకి తెచ్చిన రాయికి గట్టు మీద దళారీ ఇచ్చేదేమో కూలి డబ్బులకు కాస్త ఎక్కువ. రాయలసీమలో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం వెతుకుతారే, అక్కడా ఇలాంటి అంకెలే వింటాం, కానీ అక్కడ కనీసం నేల మీద తిరుగుతారు, నేల కిందికి పోరు.

అందుకే అసలు ఈ అలెగ్జాండ్రైట్ రాయి ఏమిటో, ఎందుకంత అరుదో, ఎలా గుర్తుపడతారో నాకు తెలిసినంత రాస్తాను. ఉత్తరం పొడుగైతే మీరు కత్తిరించుకోండి, కానీ గుర్తుపట్టే విషయాలు మాత్రం కత్తిరించకండి.

మన నవరత్నాల్లో వైడూర్యం ఉంది కదా, అడ్డంగా తెల్లటి గీత కదులుతూ పిల్లికన్నులా మెరిసేది. నిఖార్సైన వైడూర్యం క్రైసోబెరిల్ అనే ఖనిజం. అలెగ్జాండ్రైట్ కూడా అదే ఖనిజం, బెరీలియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసినది. తేడా అల్లా అందులో కొద్దిగా క్రోమియం కలవడం. ఆ కొద్ది క్రోమియమే మొత్తం కథ నడుపుతుంది. కెంపు ఎర్రగా ఉండేదీ క్రోమియం వల్లే, మంచి పచ్చ పచ్చగా ఉండేదీ చాలావరకు క్రోమియం వల్లే. అలెగ్జాండ్రైట్‌లో అది వెలుతురులోని పసుపు భాగాన్ని తినేసి అటు ఆకుపచ్చనూ ఇటు ఎరుపునూ దాదాపు సమానంగా వదిలిపెడుతుంది. పగటి వెలుతురులో నీలం, ఆకుపచ్చ పాళ్లు ఎక్కువ కాబట్టి రాయి పచ్చగా కనిపిస్తుంది. దీపం, కొవ్వొత్తి, పాత ఫిలమెంట్ బల్బు వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి అదే రాయి ఊదా కలిసిన ఎరుపుకు తిరుగుతుంది. మాయా లేదు, మంత్రమూ లేదు, రాయి తన పని తాను చేస్తుంది, మారేది వెలుతురు.

మరి అరుదు ఎందుకంటే, బెరీలియం, క్రోమియం ఒకచోట కలవడమే కష్టం. బెరీలియం గ్రానైట్ సంబంధమైన రాళ్లలో, ముఖ్యంగా పెగ్మటైట్లలో ఉంటుంది. క్రోమియం అందుకు పూర్తి భిన్నమైన, నల్లగా బరువుగా ఉండే రాళ్ల సొత్తు. భూమి లోపల ఈ రెండు జాతుల రాళ్లూ ఎదురుపడాలి. ఎదురుపడినా అక్కడ సిలికా ఎక్కువగా ఉంటే బెరీలియం దానితో కలిసి బెరిల్ అయిపోతుంది, అంటే క్రోమియం ఉంటే మనకు పచ్చ వస్తుంది, అలెగ్జాండ్రైట్ రాదు. సిలికా తక్కువపడాలి, అల్యూమినియం కావలసినంత ఉండాలి, ఇన్ని కుదిరాక కూడా స్ఫటికం పగుళ్లు లేకుండా స్వచ్ఛంగా పెరగాలి. ప్రపంచంలో మొదట పేరు తెచ్చుకున్న అలెగ్జాండ్రైట్ పచ్చల గనుల్లోనే దొరకడానికి కారణం ఇదే.

ఆ గనులు రష్యాలో ఉరల్ పర్వతాల్లో, యెకాటెరిన్‌బర్గ్ దాపుల్లో, టొకోవాయా నది పక్కన ఉన్నాయి. 1830ల మాట. ఫిన్లండ్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త నిల్స్ గుస్టాఫ్ నోర్డెన్‌షోల్డ్ దాన్ని మొదట పచ్చ అనుకున్నాడని, గట్టిదనం చూసి అనుమానపడ్డాడని, కొవ్వొత్తి వెలుగులో ఎర్రబడటం చూసి ఆశ్చర్యపోయాడని చెబుతారు. యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టారు, ఆయనే తర్వాత రెండో అలెగ్జాండర్ చక్రవర్తి అయి 1861లో వ్యవసాయ దాస్యాన్ని రద్దు చేసి, 1881లో బాంబు దాడిలో చనిపోయాడు. యువరాజు పుట్టినరోజునాడే రాయి దొరికిందని ఒక కథ ప్రచారంలో ఉంది, పరిశోధకులు దాన్ని పెద్దగా నమ్మరు, అమ్మేవాళ్లకు మాత్రం భలే ఇష్టం. పైగా ఎరుపు, ఆకుపచ్చ అప్పటి రష్యా సైన్యం రంగులు. రాయికి గిరాకీ రావడానికి ఇంతకంటే ఏం కావాలి! ఉరల్ గనుల్లో మంచి సరుకు తొందరగానే తగ్గిపోయింది. ఆ తర్వాత శ్రీలంక, బ్రెజిల్, తూర్పు ఆఫ్రికా దేశాలు, మన దేశం. బ్రెజిల్‌లో మినాస్ జెరైస్ రాష్ట్రంలోని హెమటిటా దగ్గర 1987లో మేలిరకం రాళ్లు బయటపడ్డప్పుడు జనం ఎలా ఎగబడ్డారో చదివితే కరక గుర్తొస్తుంది. శ్రీలంక రాళ్లు ఏటి గులకల్లో దొరుకుతాయి, కాస్త పెద్దవి కూడా వస్తాయి. అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 65 కేరట్లు దాటిన రాయి శ్రీలంకదే.

మన తూర్పు కనుమల్లో, శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల మన్యం దాకా, ఇక్కడి ఖోండలైట్ అనే రాళ్లను చీల్చుకుని వచ్చిన పెగ్మటైట్లలో క్రైసోబెరిల్ ఉన్నమాట నిజం. వైడూర్యాలు దొరికాయి, అలెగ్జాండ్రైట్ కూడా దొరికింది, పక్కన ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో, అటు కేరళలో కూడా దొరికింది. దీన్ని నేను కాదనడం లేదు. నేను అనేది వేరే. క్రైసోబెరిల్ దొరికినంత మాత్రాన అది అలెగ్జాండ్రైట్ కాదు, అలెగ్జాండ్రైట్ అయినంత మాత్రాన అది కోట్ల రాయి కాదు. పసుపుపచ్చగా ఉండి రంగు మారని మామూలు క్రైసోబెరిల్ చాలా ఎక్కువ. రంగు మారే వాటిలోనూ కొన్ని పగలు బురద పచ్చ, రాత్రి బురద గోధుమ. ఇది మారడమే, కానీ ఆ మార్పుకు ఎవరూ పెద్ద ధర పెట్టరు.

ధర సంగతి చెబుతాను. ఒక కేరట్ అంటే గ్రాములో అయిదో వంతు. అలెగ్జాండ్రైట్లో సాన పట్టిన రాళ్లు చాలావరకు ఒక కేరట్ లోపే ఉంటాయి, అయిదు కేరట్లు దాటిన మంచి రాయి కనబడితే వ్యాపారులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. మేలిరకం రాయి కేరట్‌కు పది వేల డాలర్లు, ఇంకా పైన కూడా పలుకుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ మేలిరకం అనే మాటలో ఎన్ని ఉన్నాయో చూడండి: పగలు అచ్చమైన పచ్చ, దీపం దగ్గర అచ్చమైన ఎరుపు, మార్పు సగం సగం కాకుండా నిండుగా ఉండాలి, కంటికి మచ్చ కనిపించకూడదు, మరీ నల్లగా ఉండకూడదు, పరిమాణం ఉండాలి. వీటిలో ఒక్కటి తగ్గితే ధర సగానికి కాదు, పదో వంతుకు పడిపోవచ్చు. పైగా పేపర్లో రాసేది ముడిరాయి బరువు. ముడిరాయిని సాన పట్టేసరికి సగానికి పైగా బరువు పొడి అయిపోవడం మామూలే, లోపల పగుళ్లుంటే మిగిలేది ఇంకా తక్కువ. అలాంటప్పుడు సంచిని తూకం వేసి, ఎక్కడో న్యూయార్క్‌లో అమ్మిన మేలిరాయి ధరతో హెచ్చవేసి కోట్లు అని రాయడం, అది లెక్కా? ఎస్.ఐ. గారు పంచనామాలో ఏదో ఒకటి రాసుకోవాలి, నిజమే, ఆయన ఇబ్బంది ఆయనది. విలేకరికి ఆ ఇబ్బంది లేదు కదా.

ఇక రెండో రకం బాధితులు, కొనేవాళ్లు. ఈ వార్తలు చదివి అలెగ్జాండ్రైట్ అంటే ఆస్తి అని నమ్మి కొంటున్నవాళ్లు. అమెరికాలో జూన్‌లో పుట్టినవాళ్ల రాళ్ల జాబితాలో దీన్ని 1952లో చేర్చారు, దాంతో అక్కడున్న మన పిల్లలు అమ్మకో అత్తగారికో పుట్టినరోజుకని కొని పంపడం కూడా ఎక్కువైంది. ఈ మధ్య ఒక పెద్దావిడ లాకెట్ తెచ్చారు. కొడుకు విదేశీ టూరులో కొన్నాడట, "రంగు మారుతుంది బాబూ, నేనే చూశాను, పొద్దున ఒక రంగు, రాత్రి ఒక రంగు" అన్నారు. మారిన మాట నిజమే. కిటికీ దగ్గర పెడితే బూడిద కలిసిన నీలం, పాత బల్బు కింద పెడితే ఊదా గులాబీ. ఆకుపచ్చ జాడే లేదు. అక్కడే నాకు సగం తేలిపోయింది. రాయిని గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, తుడిచి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టి, వెనక నుంచి తెల్ల కాగితం మీది వెలుతురు పడేలా పట్టుకుని మెల్లగా తిప్పుతూ పోయాను. ఒక కోణంలో ఏమీ లేదు, ఇంకో కోణంలో ఏమీ లేదు, అసలు మచ్చన్నదే లేదు, ఇంత పెద్ద రాయిలో అదీ అనుమానమే. ఇంకాస్త వంచగానే కనిపించాయి, గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా సన్నగా, వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి. ఒక మూల సూదిమొనంత గాలిబుడగ. భూమిలో పెరిగిన స్ఫటికంలో పెరుగుదల గీతలు తిన్నగా, కోణాలు తిరుగుతూ ఉంటాయి, ఇలా వంపు తిరగవు. వక్రీభవనం కొలిచే పరికరం మీద పెడితే 1.76 దాటింది, అలెగ్జాండ్రైట్ అయితే 1.746 నుంచి 1.755 మధ్య ఉండాలి. అది వెనేడియం కలిపి మంటలో కరిగించి తయారుచేసిన కృత్రిమ నీలం రాయి. కెంపు, నీలం జాతికి చెందిన కొరండమే, కాకపోతే ఫ్యాక్టరీది. 20వ శతాబ్దం మొదటి రోజుల నుంచీ ప్రపంచమంతా టూరిస్టులకు అలెగ్జాండ్రైట్ అని అంటగడుతున్నది ఎక్కువగా ఇదే. రాయి ఖరీదు వందల్లో ఉంటుంది, దాని చుట్టూ ఉన్న బంగారం ఖరీదే అసలు ఖరీదు. ఆవిడ మొహం చూసి చెప్పడానికి నాకే మనసు రాలేదు, కానీ చెప్పాలి కదా. "పోనీలే, వాడికి చెప్పకు" అన్నారు.

ఇక్కడ మన ఇళ్లల్లో జరిగే ఒక తమాషా చెప్పాలి. రంగు మారుతుందో లేదో చూడటానికి చాలామంది ట్యూబులైటు కింద ఒకసారి, పసుపు ఎల్‌ఈడీ కింద ఒకసారి పెట్టి చూస్తారు. ఇప్పుడు ఇళ్లల్లో పాత బల్బులే లేవు, అన్నీ ఎల్‌ఈడీలే. ఎల్‌ఈడీ పసుపుగా కనిపించినా అది పాత బల్బు వెలుగు కాదు, లోపల ఉండేది నీలం దీపం, దాని మీద పూత వేసి పసుపుగా చేస్తారు. చాలా వాటిలో చిక్కటి ఎరుపు తక్కువే. దాని కింద అసలు సిసలు అలెగ్జాండ్రైట్ కూడా సరిగ్గా ఎర్రబడకపోవచ్చు. అందుకని పరీక్ష చేయాలంటే పగలు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడకుండా చూడండి, తర్వాత చీకటి గదిలో కొవ్వొత్తి దగ్గర చూడండి. దేవుడి గదిలో దీపం దగ్గరైనా సరే, నూనె మాత్రం అంటనివ్వకండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పంపే వీడియోలను అసలే నమ్మొద్దు. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి రంగులను తనంతట తానే సర్దుకుంటుంది, మామూలు రాయి కూడా వీడియోలో రంగు మారినట్టు కనిపిస్తుంది, మంచి రాయి మారనట్టూ కనిపిస్తుంది.

రంగు మారడం ఒక్కటే చూసి తేల్చడం కూడా కుదరదు. రంగు మారే గోమేధిక జాతి రాళ్లున్నాయి, అంటే గార్నెట్లు, రంగు మారే నీలాలున్నాయి, నియోడిమియం కలిపిన గాజు కూడా రంగు మారుతుంది. ఇంకొకటి ఉంది, వెలుతురు మార్చకుండానే రాయిని తిప్పుతుంటే రంగులు మారడం. అలెగ్జాండ్రైట్‌లో ఒక దిక్కు నుంచి చూస్తే ఎరుపు, ఇంకో దిక్కు నుంచి నారింజ, మూడో దిక్కు నుంచి ఆకుపచ్చ కనిపిస్తాయి. గార్నెట్‌లోనూ గాజులోనూ ఇది ఉండదు. ఈ గుణం చూడటానికి వేలెడంత గొట్టం లాంటి పరికరం ఒకటుంటుంది, డైక్రోస్కోప్ అంటారు, దాన్ని చూడటం నేర్చుకుంటే గాజునూ గార్నెట్‌నూ పక్కన పెట్టడానికి బాగా పనికొస్తుంది. నీళ్లలో తూచి సాంద్రత కట్టినా తేలుతుంది, అలెగ్జాండ్రైట్ 3.73 దగ్గర, కొరండం 4 దగ్గర, మామూలు గాజు చాలావరకు బాగా కింద. గాజు మీద గీసి చూడటం, పాలల్లో వేసి చూడటం, నిప్పు మీద పెట్టడం, ఇవన్నీ దండగ. గాజును క్వార్ట్జ్ ముక్క కూడా గీస్తుంది. అలెగ్జాండ్రైట్ గట్టిదనం 8.5, టోపాజ్ కంటే ఎక్కువ, కెంపు కంటే తక్కువ, కానీ అది తెలుసుకోవడానికి ఉన్న రాయిని పాడుచేసుకోనక్కర్లేదు.

అన్నింటికంటే కష్టమైనది ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్. ఇది నకిలీ కాదు, ఇదీ అలెగ్జాండ్రైటే, అదే ఖనిజం, అదే క్రోమియం, అదే సాంద్రత, రంగు మారడమైతే చాలాసార్లు భూమిలోంచి వచ్చిన దానికంటే బాగుంటుంది. 1970ల నుంచీ అమెరికాలో అమ్ముతున్నారు, తర్వాత జపాన్ వాళ్లు, ఇంకా చాలామంది. మీరు నవ్వుతారేమో, మన హైదరాబాదు, విజయవాడ స్కిన్ క్లినిక్కుల్లో అవాంఛిత రోమాలు తీసే అలెగ్జాండ్రైట్ లేజర్ అని బోర్డు కనిపిస్తుందే, ఆ యంత్రం లోపల ఉండేది ఇలా పెంచిన అలెగ్జాండ్రైట్ కడ్డీనే. అంటే ఈ రాయిని మనిషి కడ్డీలు కడ్డీలుగా పెంచగలడు. ల్యాబ్ రాయి అని చెప్పి ల్యాబ్ రాయి ధరకు అమ్మితే అందులో తప్పేమీ లేదు, నన్నడిగితే ఉంగరానికి అదే హాయి. దాన్ని తెచ్చి మన్యం కొండల్లోది అనో, ఉరల్ గనుల్లోది అనో చెప్పి లక్షలు లాగడమే మోసం. తేడా పట్టాలంటే మైక్రోస్కోప్ కావాలి, లోపల సన్నటి పొగతెరల్లాంటి ద్రావకపు చారలున్నాయా, ప్లాటినం రేకులున్నాయా, లేక అభ్రకం రేణువులు, ద్రవం నిండిన సన్నటి గొట్టాలు లాంటి భూమి గుర్తులున్నాయా అని వెతకాలి. ల్యాబ్ రాళ్లు చాలావరకు అతినీలలోహిత దీపం కింద గట్టిగా ఎర్రగా వెలుగుతాయి, సహజమైన వాటిలో ఇనుము ఉండటం వల్ల ఆ వెలుగు మసకగా ఉంటుంది, కానీ ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. నా బల్ల మీదున్న పరికరాలతో నేను కొన్నింటికి చెప్పగలను, కొన్నింటికి పెద్ద ల్యాబ్‌కు పంపండి అనే చెబుతాను. జైపూర్‌లో, ముంబైలో అలాంటి ల్యాబ్‌లున్నాయి, కొరియర్‌లో పంపే ఏర్పాట్లూ ఉంటాయి. లక్ష పెట్టి కొనేవాడికి ఆ ఫీజు ఒక లెక్క కాదు. కాగితం మీద "సహజమైనది" అన్న మాట ఉందో లేదో చూసుకోండి, కాగితం నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, బరువూ కొలతలూ మీ రాయికి సరిపోయాయో లేదో సరిచూసుకోండి. అసలు కాగితం ఒక రాయిది, అమ్మేది ఇంకో రాయి, ఇలాంటివీ జరుగుతాయి.

హాల్‌మార్క్ ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉంగరం మీది హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకు, అందులో పొదిగిన రాయికి దానితో సంబంధం లేదు. దీన్ని మీరు పెద్ద అక్షరాలతో వేసినా నాకు అభ్యంతరం లేదు.

జాతకాల విషయంలో నేను వేలు పెట్టను, ఎవరి నమ్మకం వాళ్లది. కాకపోతే నవరత్నాల్లో ఈ రాయి లేదు, మన పాత గ్రంథాలు రాసినప్పటికి దీనికి ఈ పేరే లేదు. కేతువుకు వైడూర్యం చెబుతారు, అది ఇదే ఖనిజం కాబట్టి ఇదీ పనిచేస్తుందని ఎవరైనా మీకు పదింతల ధరకు అంటగడుతుంటే మాత్రం అది శాస్త్రం కాదు, బేరం.

ఇప్పుడు నేను అడిగేది ఏమిటంటే, పట్టుబడిన రాళ్ల వార్త రాసేటప్పుడు "రంగురాళ్లుగా అనుమానిస్తున్నవి" అని రాయండి, పరీక్ష అయ్యేదాకా అలెగ్జాండ్రైట్ అనొద్దు. విలువ అంకె అసలు వేయొద్దు, వేయక తప్పకపోతే ఆ లెక్క ఎవరిదో పేరూ హోదాతో సహా వేయండి, అప్పుడు చెప్పేవాళ్లు కూడా నోరు జాగ్రత్తగా పెట్టుకుంటారు. ముఖ్యంగా, తర్వాత ఏమైందో రాయండి. కోట్ల విలువైన రాళ్లు పట్టివేత అని మొదటి పేజీలో చూశాను కానీ, పట్టుకున్న రాళ్లను గనుల శాఖ పరీక్షకు పంపిందని, అందులో ఇన్ని మామూలు క్వార్ట్జ్ అని, ఇన్ని క్రైసోబెరిల్ అని, ఇంత ధరకు వేలంలో పోయాయని రాసిన వార్త నా కంట పడలేదు. ఆ రెండో వార్త ఒక్కసారి వేసి చూడండి, గోతుల్లోకి దిగే కుర్రాళ్లు ఎంతమంది ఆగుతారో. గనుల శాఖవాళ్లకు కూడా మీ ద్వారా ఒక మాట: స్వాధీనం చేసుకున్న రాళ్ల పరీక్ష ఫలితాలు బయటపెడితే మీకు పోయేదేమీ లేదు, పుకార్లకు అంతకంటే మందు లేదు.

కొని మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఊరుకుంటున్నారు, ఊరుకోవద్దు. బిల్లు మీద "సహజ అలెగ్జాండ్రైట్, ఇన్ని కేరట్లు" అని రాయించుకుని కొంటే, ల్యాబ్‌లో తేడా వచ్చినప్పుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి దారి ఉంటుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఎలా వెళ్లాలో చెబుతారు. బిల్లు లేకుండా, రాళ్లు అని మాత్రమే రాసిన చీటీతో నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ, వాళ్లకు నేను రాయి పేరు చెప్పగలను తప్ప డబ్బు తిరిగి ఇప్పించలేను.

మీ ఆదివారం అనుబంధంలో ఒక అర పేజీ ఇస్తే, కిటికీ దగ్గర ఒక ఫోటో, కొవ్వొత్తి దగ్గర ఒక ఫోటో, వంపు గీతల ఫోటో ఒకటి, కాగితం సరిచూసుకునే పద్ధతి, అన్నీ కలిపి నేనే రాసి పంపుతాను. నర్సీపట్నం, చింతపల్లి, పాడేరు ఎడిషన్లలో మాత్రం తప్పకుండా రావాలి. పారితోషికం అక్కర్లేదు.

భవదీయుడు,
రాళ్లు పరీక్షించే ఒక పాఠకుడు,
విశాఖపట్నం